మార్దంగికుడును కుంభకారుడును: యంత్రవాద్యవిచారము

పాణినిమహర్షి చతుర్థాధ్యాయ చతుర్థపాదమున శిల్పార్థమున నొక తద్ధితప్రత్యయమును విధించినాడు (4-4-55). ఏ విద్య యెవనికి శిల్పమో, ఆ విద్యనుబట్టి వానికి బేరేర్పడుట యీ సూత్రఫలము. మృదంగము శిల్పముగా గలవాడు మార్దంగికుడు. వీణ శిల్పముగా గలవాడు వైణికుడు. ఈ పదములు తెలుగున నేటికిని వ్యవహారమున నున్నవి. ఈ సూత్రముకడ భాష్యకారుడగు పతంజలి యొక చిన్న శంకను లేవదీసెను. మృదంగము శిల్పముగా గలవాడు మార్దంగికుడగుచో, మట్టితో మృదంగమునకు ఒడలు జేసిన కుమ్మరికిని ఆ పేరు రావలసివచ్చును గదా యని శంక. ఇచ్చట మృదంగశబ్దము మృదంగవాదనమును దెలుపును, ఉత్తరపదమగు వాదనశబ్దము లోపించినది, కావున వాయించువాడే మార్దంగికుడు గాని చేసినవాడు గాడని సమాధానము.

పాఠము చెప్పునపుడు ఈ శంకను మనము చిరునవ్వుతో దాటిపోవుదుము. కాని యిది శబ్దసాధుత్వమునకు మాత్రమే సంబంధించినది కాదు. వాద్యమున బుట్టు నాదములో వాదకుని పాలెంత, నిర్మాత పాలెంత యను ప్రశ్న దీని వెనుక దాగియున్నది. మృదంగవిషయమున భాష్యకారుని సమాధానము సర్వసమంజసము. కుమ్మరి చేసిన ఒడలునకు చర్మము మూసి, పూత పూసి, శ్రుతి కూర్చి, వ్రేళ్లతో నాదము నీనునట్లు చేయుపని వేఱు. అయితే, స్వరములన్నియు నిర్మాత చేతిలోనే స్థిరపడిపోవు వాద్యమొకటి యున్నచో, ఆ సమాధానము అచ్చటను చెల్లునా? చేతిపనిచే సిద్ధమగు యంత్రవాద్యముల సొగసు ఈ ప్రశ్నయందే యున్నదని నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఇంకొక చిత్రము గలదు. కుంభమును జేయువాడు కుంభకారుడైనట్లు (3-2-1), వాద్యమును జేయువాడు వాద్యకారుడు కావలెను. వ్యాకరణము నిర్మాతకు సిద్ధముగా నుంచిన పేరది. కాని తెలుగువారి వాడుకలో వాద్యకారుడనగా వాయించువాడే. మఱి పాణిని వాదకునియెడ ఉపయోగించిన శిల్పశబ్దము మన భాషలో రాతిని జెక్కువానికిని, కొయ్యను మలచువానికిని జెందినది. ఒకరి పేరొకరికి బోయినది. ఈ వ్యత్యయమువలన నష్టపోయినవాడు నిర్మాతయే. ఏలయనగా, శిల్పియనిన రాతిపనివాడు స్ఫురించునే గాని వాద్యములు చేయువాడు స్ఫురింపడు.

యంత్రము, జంత్రము

వాద్యశబ్దము వదధాతువునుండి వచ్చినది. స్పష్టముగా బలుకుట దాని యర్థము. ప్రేరణార్థమున ణిచ్చును, దానిపై యత్ప్రత్యయమును రాగా పలికింపదగినది వాద్యమని తేలును. తెలుగునను వీణను పలికించుట, వేణువును పలికించుట యనియే వాడుక. ఇక యంత్రశబ్దమునకు సంకోచార్థకమగు యత్రిధాతువును గాని, ఉపరమార్థకమగు యమధాతువును గాని మూలముగా జెప్పుదురు. రెంటియందును అదుపు, కట్టుబాటు అను భావము గలదు. పలికించుటయు, అదుపుచేయుటయు పరస్పరవిరుద్ధములని నేటివారు పెక్కురు తలంతురు. యంత్రము జడము, వాద్యము సజీవము అని వారి విభాగము.

పూర్వు లట్లు విభజింపలేదు. యంత్రశబ్దమునకు తెలుగున జంత్రము వికృతి. ఈ జంత్రమునకు వీణ మొదలగు తంత్రీవాద్యములును అర్థమే. జంత్రగాత్రములను జంటలో జంత్రము వాద్యసంగీతమును, గాత్రము కంఠసంగీతమును దెలుపును. అనగా మన భాష వాద్యమును యంత్రమని పిలుచుటకు ఎన్నడును సంకోచింపలేదు. తంత్రిని బిగించి, దాని కంపమునకొక హద్దు గల్పించి, ఆ హద్దులోనుండి మధురనాదమును రాబట్టుటయే వీణాపద్ధతి. అదుపులేని తంత్రి పలుకదు.

ధారానగరాధీశుడగు భోజదేవుడు 11వ శతాబ్దమున రచించిన సమరాంగణసూత్రధారమున 31వ అధ్యాయము యంత్రవిధానమును దెలుపును. గణపతిశాస్త్రిగారు పరిష్కరింపగా ఈ గ్రంథము 1924, 1925 సంవత్సరములలో బరోడా గాయక్వాడు గ్రంథమాలయందు వెలువడెను. తమ యిచ్చవచ్చినట్లు ప్రవర్తించు భూతములను నియమించి, యొక త్రోవను నడపునది యంత్రమని భోజుని లక్షణము. గాలి స్వేచ్ఛగా వీచును. దానిని పట్టి యొక సందున నడపినచో యంత్రమగును. ఈ లక్షణము పిల్లనగ్రోవికి జెల్లును, నాగస్వరమునకు జెల్లును, హార్మోనియమునకును జెల్లును. వాద్యధ్వనుల నీను యంత్రములును ఆ యధ్యాయమున బేర్కొనబడినవి.

భోజుడు యంత్రములను నాలుగుతెఱగులుగా విభజించెను. తనంతట నడచునది స్వయంవాహకము. ఒక్కమారు ప్రేరేపింపగా బిమ్మట నడచునది సకృత్ప్రేర్యము. నడపు సాధనము మరుగున నుండునది అంతరితవాహ్యము. చేరువనుండి నడపబడునది అదూరవాహ్యము. వాద్యయంత్రములను ఈ విభాగముతో బరిశీలించిన వాని భేదములు తేటపడును. జెనీవానగరమున 1796లో ఆంత్వాను ఫావ్ర్ అను గడియారపు పనివాడు శ్రుతిచేసిన ఉక్కునాలుకలతో సంగీతయంత్రమును గల్పించెను. కీ యిచ్చి విడిచినచో అది తానే పాడును, కావున సకృత్ప్రేర్యము. టిప్పుసుల్తానుకై 18వ శతాబ్దాంతమున నిర్మింపబడి, 1799లో శ్రీరంగపట్టణము పడిపోయినపుడు ఆంగ్లేయుల వశమై, నేడు లండనునందలి విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున నున్న కొయ్యపులి మఱియొకటి. ప్రక్కనున్న పిడి త్రిప్పినచో పులి గర్జించును, దానిక్రింద బడియున్న మనుష్యుడు మూల్గును. పులి కడుపులో మీటలుగల యొక చిన్న ఆర్గనువాద్యమును గలదు. తిత్తులు, గొట్టములు లోపల మఱుగుపడియుండుటచే దీనిని అంతరితవాహ్యమనవచ్చును.

హార్మోనియ మట్లుగాదు. వాదకుని చేయి తిత్తిని విడిచినచో, లోపల నిలిచిన గాలి యున్నంతసేపే పలికి మూగవోవును. తనంతట నడవదు, ఒక్కమారు త్రోసినచో జాలదు. చేరువనున్న చేయి యెడతెగక నడపుచుండవలసినది గావున దీనిని అదూరవాహ్యమున జేర్చుట యుచితమని నా తలంపు. యంత్రమని నిందింపబడిన యీ వాద్యము, యంత్రములన్నిటిలో మనుష్యుని చేతికి మిక్కిలి దగ్గఱనున్నదన్నమాట.

నాలుకల వంశము

ప్రత్తిచేలును మిరపతోటలును నిండిన గుంటూరు, ఒంగోలు మైదానములయందు పల్లెపల్లెను వినబడిన యంత్రవాద్యము హార్మోనియమే. దీనిని జనులు పెట్టెయనియే పిలుచుట వాడుక. హార్మోనియమను పేరునకు మూలము హార్మోనియా యను గ్రీకుపదము. కూర్పు, అదుకు అని దాని మొదటి యర్థము. హోమరుకవి ఓడిసీకావ్యమున, నాయకుడు తెప్పను గట్టుకొనునపుడు కొయ్యలను బంధించు అదుకులను ఈ పదముచే జెప్పెను. స్వరముల పొందిక యను నర్థము పిమ్మట వచ్చినది. అనగా ఈ వాద్యము పేరు మూలమున వడ్రంగిమాట.

దీనికి ప్రాణము ఇత్తడినాలుక. పనివారు దీనిని రీడందురు. ఒక పలుచని ఇత్తడిరేకు ఒకకొన బిగింపబడి, ఱెండవకొన విడిచియుండును. దానిక్రింద సరిగా దాని కొలతకే కోసిన సందుండును. గాలి ఆ సందున దూఱునపుడు నాలుక పైకిని క్రిందికిని ఊగుచు, సందును మూయుచు దెఱచుచు నాదమును బుట్టించును. సన్నాయిపీకవలె ఒకదానినొకటి కొట్టుకొనక, స్వేచ్ఛగా నూగుట దీని విశేషము. చీనాదేశమున షెంగ్ అను నోటివాద్యమున ఇట్టి నాలుకలు ప్రాచీనకాలమునుండి యున్నవి.

ఐరోపాయందు ఈ నాలుక ప్రసిద్ధికెక్కిన విధము వైయాకరణులకు మిక్కిలి యాసక్తికరము. సెయింటు పీటర్సుబర్గునందలి విజ్ఞానపరిషత్తు 1780వ సంవత్సరపు బహుమానమునకై యొక ప్రశ్న నిచ్చెను. అచ్చుల ధ్వనులకు గల భేదకారణమేమి, వానిని పలుకు యంత్రమును నిర్మింపవచ్చునా యనునది దాని సారము. కోపెన్‌హేగెనునగరమున ఆచార్యుడైన క్రాట్‌జెన్‌స్టైను అను పండితుడు వేర్వేఱు ఆకారములుగల గొట్టములను జేసి, వానికి స్వేచ్ఛానాలుకలను గూర్చి, ఐదచ్చులను బలికించి బహుమానమును గొనెను. హార్మోనియపునాలుక యీ విధముగా అచ్చులను బలుకబూనిన నాలుకకు సంతతి. మనస్సు కాయాగ్నిని దాకగా, ఆ యగ్ని వాయువును ప్రేరేపించుననియు, ఆ వాయువు ఉరస్సునను, కంఠమునను, శిరస్సునను సంచరించి మంద్రమధ్యమతారములను బుట్టించుననియు మన పాణినీయశిక్ష చెప్పిన క్రమము ఎల్లరకును దెలిసినదే. ప్రేరకము, వాయువు, స్థానము అను మూడును పెట్టెయందును గలవు. చేయి ప్రేరకము, తిత్తి వాయువునకు నెలవు, నాలుక స్థానము.

పారిసునగరమున అలెగ్జాండరు దెబాన్ 1842లో హార్మోనియమను పేరుతో ఈ వాద్యమునకు హక్కుపత్రమును బొందెను. అది కాళ్లతో త్రొక్కుచు రెండుచేతులతో వాయించు పెద్దపెట్టె. మతప్రచారకుల వెంట అది హిందూదేశమునకు వచ్చెను. నేలపై గూర్చుండి పాడు మన పద్ధతికి తగినట్లుగా తిత్తిని వెనుకకు జేర్చి, ఒకచేత నూదుచు వేఱొకచేత వాయించునట్టి చిన్నపెట్టెను కలకత్తాయందు ద్వారకానాథఘోషు 1875 ప్రాంతమున రూపొందించెను. మొదట నాలుకలు జర్మనీ, ఫ్రాన్సు దేశములనుండి వచ్చుచుండెడివి. పిమ్మట సౌరాష్ట్రమందలి పాలిటానా పట్టణమున చేతిపనిచే నాలుకలు చేయువిద్య వర్ధిల్లెను. ఇట్లు పేరు గ్రీకుది, పుట్టుక ఫ్రెంచిది, ఆకారము వంగదేశీయము, నాలుక సౌరాష్ట్రము. కొలువు మాత్రము తెలుగునాటకమున.

ఆకురాయి పని

తంత్రికిని నాలుకకును ఒక భేదము గలదు. తంత్రి పొడవును సగము చేసినచో ఒక స్థాయి హెచ్చును. ఒకే మందముగల నాలుక పొడవును సగము చేసినచో రెండు స్థాయిలు హెచ్చును. కావున నాలుకవిషయమున స్వల్పమైన కొలతభేదమును స్వరమునందు పెద్దభేదమగును. కత్తిరించుటచే మాత్రమే శ్రుతి కుదురదు, తుదిపని ఆకురాయిది. నాలుక కొనయందు ఆకురాయిచే కొంచెము తీసినచో బరువు తగ్గి స్వరము హెచ్చును. మొదటియందు దీసినచో బిగువు తగ్గి స్వరము దిగును. ఒకే యాకురాయి, ఒకే చేయి. తాకిన చోటునుబట్టి ఫలము విపరీతమగును. హెచ్చు దీసినచో లోహమును మరల జేర్చుట కష్టము. కొనను తగ్గించిన తప్పును మొదటియందు తగ్గించి దిద్దవలెను. అట్లు రెండువైపుల నలిగిన నాలుక బలము చెడి, కొలదికాలమునకే విఱుగును. కావున నేర్పరి యొక్కొక్క గీతకును వినును.

ఆ వినుటకొక కొలత గలదు. రెండు నాలుకలు ఇంచుమించుగా ఒకే స్వరమున మ్రోగునపుడు నాదము అలలు అలలుగా లేచి పడుచుండును. వాని కంపసంఖ్యల భేదమెంతయో, సెకనునకు అన్ని అలలు వినబడును. ఒకటి సెకనునకు 240 మారులును, వేఱొకటి 243 మారులును ఊగినచో 3 అలలు వినబడును. ఆకురాయి సరియైన చోట తాకినకొలది అలలు మందగించి, తుదకు నిలుచును. అప్పుడు రెండునాదము లొక్కటియగును. ఇది చెవిచే జేయు గణితము. ఈ గణితమును ఇచ్చట ఒక పెట్టెకు మూడుస్థాయిల స్వరములకును, ప్రతిస్వరమునకు రెండో మూడో నాలుకలకును జేయవలసియుండును.

నాలుక సందుపై మిక్కిలి కొంచెమెత్తున నిలువవలెను. ఎత్తు హెచ్చైనచో గాలి వృథాగా బోయి పలుకు ఆలస్యమగును. తగ్గినచో గట్టిగా నూదినపుడు నాలుక అణగి మూగయగును. వెనుకతిత్తి ఊదిన గాలి లోపలితిత్తిలో నిలిచి, అచ్చటి బిగువుతీగల యొత్తిడిచే సమముగా ప్రసరించును. మెట్టు నొక్కినపుడు దాని తోకనున్న మూత లేచి, ఆ నాలుకకు మాత్రము గాలిద్రోవ యేర్పడును. మూతకంటించిన మెత్తనిచర్మము సరిగా గప్పకున్నచో నొక్కని స్వరము కూడ సన్నగా ఏడ్చుచుండును.

మన సీమ వాతావరణము ఈ సున్నితపుబనికి కఠినపరీక్ష. వేసవి యెండలకు కొయ్య ఎండి అదుకులు విడివడును, తిత్తిచర్మము పెళుసుబాఱును. వానకాలమున అదే కొయ్య ఉబ్బి మెట్లు దిగబడును. సముద్రతీరపు ఉప్పుగాలికి ఇత్తడిపై చిలుము పట్టి, ఆ చిలుము బరువుచే శ్రుతి మాఱును. ప్రత్తికాలమున గాలిలో దేలు నూగు ఒక్కటి నాలుకసందున చిక్కినను ఆ స్వరము పలుకదు. పెట్టె నిలుకడగా నుండుట దాని సహజగుణము గాదు. ఎవడో యొకడు ఎప్పటికప్పుడు విప్పి, తుడిచి, గీచి, అతికి నిలుపుచుండుటచేతనే అది నిలుచును.

ఆక్షేపములు

ఈ వాద్యముపై విద్వాంసుల యాక్షేపములు తేలికగా త్రోసివేయదగినవి గావు. ఫాక్సు స్ట్రాంగ్వేసు 1914లో ప్రకటించిన హిందూసంగీతగ్రంథమున దీనిని తీవ్రముగా నిరసించెను. రవీంద్రనాథఠాకూరును దీనికి విముఖుడే. ఆకాశవాణి 1940లో హార్మోనియమును ప్రసారములనుండి బహిష్కరించెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఈ నిషేధకాలముననే పుట్టినది. 1971లో గాని పక్కవాద్యముగా దీని కనుమతి లభింపలేదు. పల్లెల పందిళ్లలో రాత్రియెల్ల మ్రోగిన పెట్టె, మూడుదశాబ్దములకు పైగా ఆకాశవాణిలో మూగదైయుండెను.

మొదటి యాక్షేపము శ్రుతివిషయకము. స్థాయిని పన్నెండు సమభాగములు చేయుట ఐరోపాపద్ధతి. స్థాయికి 1200 అంశములని గణించినచో, షడ్జముతో శుద్ధముగా బొందు అంతరగాంధారము 386 అంశములకడ నుండవలెను. సమవిభాగమున అది 400కడ నుండును. పంచమమునకు భేదము 2 అంశములే గావున చెవికి దోపదు. గాంధారమున 14 అంశముల భేదము మంచిచెవికి ముల్లువలె దాకును. కాని యీ దోషము నాలుకది గాదు, దానిని శ్రుతిచేసిన నియమమునది. ఆకురాయి చేతగలవాడు ఆ గాంధారమును 14 అంశములు దింపగలడు. అట్లు చేసినపు డాపెట్టె ఒక్క ఆధారశ్రుతికి మాత్రమే తగియుండును. ఏది విడిచి ఏది గొనవలెనను నిర్ణయము మనుష్యునిదే. సాంగ్లీవాస్తవ్యుడగు కృష్ణాజీ బల్లాళ దేవల్ 1910లో ఇరువదిరెండు శ్రుతులనుగూర్చి గ్రంథము ప్రకటించి, ఆ శ్రుతులను బలుకు హార్మోనియమును నిర్మింపజేయుట ఈ విశ్వాసముతోనే.

రెండవ యాక్షేపము గమకవిషయకము. ఒకస్వరమునుండి వేఱొకస్వరమునకు జాఱుట, ఊగుట, నొక్కుట ఈ వాద్యమునకు శక్యము గాదు. ఇది వాస్తవమైన లోపము. దీనికి సమాధానము లేదు. విదేశీయమగుటచే నిరసించితిమనుట మాత్రము చెల్లదు. వయొలిను విదేశీయమే యయ్యును, ముత్తుస్వామిదీక్షితుల తమ్ముడు బాలుస్వామిదీక్షితుని కాలమునుండి మన సభలయందు బీఠమెక్కినది. మెట్లు లేని వాద్యము గావున గమకము దానికి వశమైనది.

అయితే యీ లోపమే మన కుమ్మరిశంకకు దారిదీయుచున్నది. నాగస్వరమున రంధ్రములు నిర్మాత తొలిచినవే యైనను, రంధ్రమును సగము మూయుటచేతను, పీకపై పెదవియొత్తిడిచేతను, ఊపిరి హెచ్చుతగ్గులచేతను వాదకుడే స్వరమును రూపొందించును. ఒంగోలు చెంతనున్న కరవదిగ్రామమున 1924లో జన్మించి, శ్రీరంగమున స్థిరపడి, 1977లో పద్మశ్రీ బిరుదమందిన షేక్ చినమౌలానాసాహెబుగారి నాదమునందు కొయ్యపాలు మిక్కిలి స్వల్పము. వీణ మధ్యస్థము. నూజివీటిలోను, బొబ్బిలిచెంత గొల్లపల్లిలోను పనసకొయ్యను దొలిచి వీణలు చేయువారు మైనముపై ఇరువదినాలుగు మెట్లను చెవితో విని నిలుపుదురు. అది నిర్మాత పాలు. ఆ మెట్టుపై తంత్రిని లాగి గమకము పుట్టించుట వైణికుని పాలు. హార్మోనియమున స్వరస్థానములన్నియు నిర్మాతవే. వాదకుడు వానిలో నేదియు మార్చలేడు. ఎన్నుకొనుట, కూర్చుట, గాలిని హెచ్చించి తగ్గించుట మాత్రమే వాని వశము.

కావున మృదంగమున కుమ్మరి పాలును, హార్మోనియమున ఆకురాయివాని పాలును ఒక్కటి గావు. వాదకుడు వేలుంచకమునుపే స్వరము పాడి సిద్ధముగా నుండుటకు కారణము వేఱొకని చెవి. నిర్మాత మొదట పాడును. వాదకు డాపాటలోని స్వరములను మరల వరుస గూర్చును. అచ్చులో పోసి వేలకొలదిగా దీసిన పెట్టెలన్నియు ఒకేవిధముగా బలుకును. చేతితో దిద్దిన పెట్టెలలో ఏ రెండును ఒకటిగా బలుకవు. ఒకని మంద్రము గాఢముగా నుండును, ఒకని తారము సన్నగా నుండును. పనివాని చెవి యేది మంచిదని యొప్పుకొన్నదో అది పెట్టెలో నిలిచిపోవును. జనులు దానిని పెట్టె గుణమందురు. అది నిర్మాత గుణము.

అరల లెక్క

ఈ వాద్యము తెలుగు పద్యపఠనమునకు జేసిన యుపకారమును సాహిత్యవేత్తలు గణింపవలెను. 19వ శతాబ్దపు చివరిదశకములలో పార్సీ, ధార్వాడ నాటకసమాజములు మన తీరమున నాడిన పిమ్మట హార్మోనియము మన రంగస్థలమును జేరెను. తిరుపతివేంకటకవుల పాండవోద్యోగవిజయములును, బాపట్ల చెంత ఇటికంపాడున 1881లో జన్మించిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రీయమును దీనిసాయముతోనే ఊరూరను మ్రోగినవి. బాపట్లవాడైన స్థానం నరసింహారావుగారు (1902-1971), సుద్దపల్లివాడైన ఈలపాట రఘురామయ్యగారు (1901-1975) మొదలగు నటులు పెక్కురాత్రులు ఈ పెట్టెప్రక్కన నిలిచియే పాడిరి.

నాటకపద్యమునకు తాళము లేదు; గణములు, యతిప్రాసలు దాని నడక. నటుడు పాదాంతమున ఊపిరి దీసికొను వ్యవధిని పెట్టె నింపును. రాగము చేజాఱకుండ ఆధారషడ్జమును నిలుపును. నటుడు దీసిన సంగతిని మరల బలికి, తరువాతిపాదమున కెత్తుగడ నిచ్చును. గమకము నటుని గొంతులో నున్నది గావున పెట్టెకు గమకము లేకుండుట ఇచ్చట లోపముగా దోపదు. చలింపని స్వరము ప్రక్కన గొంతు చలనము మఱింత స్ఫుటమగును. స్తంభమున్నప్పుడే తీగ ప్రాకుట కనబడును. ప్రేక్షకులు వన్సుమోరని కేకలిడినపుడు మరల అదే శ్రుతిలో ఎత్తుకొనుటకు నటునికి ఈ స్తంభమే యాధారము.

పెట్టె మన నటులభాషకొక పరిభాషను గూడ నిచ్చినది. స్థాయిలోని ఏడు తెల్లమెట్లకు ఒకటి మొదలు ఏడువఱకు సంఖ్యలు. వానినడుమనున్న అయిదు నల్లమెట్లకు అరలు. నటుడు నాలుగున్నరలో బాడుననిన నాలుగవ అయిదవ మెట్లనడుమనున్న నల్లమెట్టును షడ్జముగా గొనునని యర్థము. ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర కలవు. మూడున్నర లేదు, ఏడున్నరయు లేదు. మూడవ నాలుగవ మెట్లనడుమను, ఏడవ మెట్టునకును పైస్థాయి మొదటిమెట్టునకును నడుమను నల్లమెట్టు లేదు గదా. లెక్కలో నుండి లోకములో లేని యీ మూడున్నర, సంఖ్యాపదములు అర్థమును విడిచి సంజ్ఞలైన తీరునకు చక్కని దృష్టాంతము. శాస్త్రమున టి, ఘు, భ యను సంజ్ఞలెట్లో, రంగస్థలమున ఆరున్నర యట్లు.

ఉపసంహారము

1970ల చివర విద్యుచ్ఛ్రుతిపెట్టెలు బెంగుళూరునుండి వెలువడినవి. విద్యుత్తుచే బలుకు మీటలవాద్యములు పద్యనాటకవేదికలను గూడ జేరినవి. వానికి తిత్తి లేదు, నాలుక లేదు. చిలుము పట్టదు, నూగు చిక్కదు. వానిని నిందించుట నా యుద్దేశము గాదు. మెలకువ గలవానికి అవియు జంత్రములే. కాని వాని స్వరము నిర్ణయింపబడిన చోటు మనకు గానరాదు, నిర్ణయించిన చెవి మనకు దెలియదు. చేతిపనిపెట్టె పాడైనచో విప్పి, ఏ నాలుక యెచ్చట నలిగినదో చూడవచ్చును. ఆ గీతలు చదువ నేర్చినవానికి అది యొక తాళపత్రగ్రంథమే.

ఆ గ్రంథమును జదువు భాష పనివారిది. మన నిఘంటువులయందు వీణాంగముల పేర్లున్నవి, మృదంగాంగముల పేర్లున్నవి. ఈ పెట్టెలోని యంగములకును, దానిపై జరుగు పనులకును పేరులు నిఘంటువుల కెక్కవలసియున్నది. ఈ వ్యాసమున నేను వాడిన నాలుక, మూత, బిగువుతీగ మొదలగునవి వివరణార్థము గ్రహించినవి. వానికి పనివారి నోటిమాటలే ప్రమాణములు. గుంటూరు, తెనాలి, నరసరావుపేట, చీరాల, ఒంగోలు ప్రాంతముల పాఠశాలలయందున్న పండితులు తమ ఊరిలో పెట్టెలు బాగుచేయు వృద్ధు డుండెనేని, విద్యార్థులతో గూడ వానియొద్దకు బోయి, ఒక పెట్టెను విప్పించి, ప్రతియంగమునకును, ప్రతిపనికిని వాడేమనునో వ్రాసికొనవలెను. పదము, ఊరు, చెప్పినవాని వృత్తి, వ్రాసినతేది యను నాలుగును చాలును. పదిమంది పది యూళ్లలో ఒకయేడు శ్రమించినచో ఒక చిన్న వృత్తిపదకోశ మేర్పడును.

ఆ కోశమున మొదటియారోపము నిర్మాతపేరే కావలెను. వాద్యకారుడను పదమును వాదకుడు గైకొనియున్నాడు. లోకవ్యవహారమును సూత్రములచే వెనుకకు మరలింపజాలము. శిల్పశబ్దము నిర్మాతవైపునకే వచ్చియున్నది గావున వాద్యశిల్పి యనుట యుచితముగా నుండును. పనివారిలో నింతకంటె మంచిమాట యున్నచో అదియే గ్రాహ్యము. భాష్యకారుడు కుమ్మరిని మార్దంగికసంజ్ఞనుండి తప్పించినాడే గాని, వానికి పేరుండరాదని శాసింపలేదు. విజ్ఞులు విచారింతురుగాక.